ఇంట్ల పెట్టిన చాయ్‌కి తృప్తి ఎందుకు ఉంటలేదు?

ఒక అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది. ఉద్యోగం కోసం మహబూబ్‌నగర్ వచ్చి ఒక్కతే కిరాయికి ఉంటున్నది. పనంతా ఇంటి నుంచే. రోజుకు ఐదారు సార్లు పెద్ద మగ్గుతోని చాయ్ పెట్టుకుంటది. ఖరీదైన చాయపత్త తెచ్చింది, పాలు మార్చింది, అయినా "తాగినట్టే ఉంటలేదు" అంటున్నది. బస్టాండు హోటల్ రుచి రాదు, నల్లగొండల వాళ్లమ్మ పెట్టే చాయ్ తాగితే వచ్చే నిమ్మళం రాదు. అల్లం వేసినప్పుడల్లా పాలు విరుగుతున్నయ్. అమ్మను అడిగితే "అందాజగ వెయ్యి బిడ్డా" అంటదట. ఎక్కడ తప్పు చేస్తున్ననో చెప్పుమన్నది.

ముందు జవాబు చెప్త, ముచ్చట తర్వాత.

రోజుకు రెండు సార్లే పెట్టండి. పెట్టినంత సేపు పొయ్యి దగ్గర నుంచి కదలకండి. కూర్చొని, ఇంకో పని ముట్టకుండ, వేడి మీదనే తాగండి. అల్లం ముందు నీళ్లల్ల బాగ మరగాలె, ఆ తర్వాతనే పాలు. బోరు నీళ్లు వాడుతుంటే మార్చండి. ఇక హోటల్ రుచి అంటారా, అది ఇంట్ల రాదు. రాకుంటే నష్టం కూడ లేదు. మీరు హోటల్ చాయ్‌ని, అమ్మ చాయ్‌ని ఒక్క గిన్నెల వెతుకుతున్నరు, అందుకే రెండిట్ల ఏదీ దొరుకుతలేదు.

నేను నల్లగొండల దేవరకొండ రోడ్డు దిక్కు 19 ఏండ్లు చాయ్ హోటల్ నడిపిన. హోటల్ అంటే ఏందో అనుకోకండి. రెండు బెంచీలు, రేకుల పందిరి, ముంగట పొయ్యి, పక్కన బన్నుల డబ్బ. రోజుకు మూడు నాలుగు వందల చాయ్‌లు పోయేవి. అందుకని హోటల్ చాయ్ లోగుట్టు చెప్పగలను. దాచుకునేది కూడ ఏం లేదు, ఇప్పుడు నాకు హోటలే లేదు.

పొద్దుగాల నాలుగింటికి పొయ్యి ముట్టించేటోణ్ని. ఒక గంజుల డికాషన్, ఇంకో గంజుల పాలు. డికాషన్ల వేసేది డస్టు పత్త. పొడి లెక్క సన్నగ ఉంటది, రెండు నిమిషాలల్ల రంగు దిగుతది, కిలోకు ఎక్కువ చాయ్‌లు వస్తయ్. పాలు మాత్రం పొద్దంత సన్న మంట మీదనే. తొమ్మిది పదింటికల్లా చిక్కబడి, రంగు కొంచెం తిరిగి, కోవా వాసన లాంటిది ఒకటి మొదలైతది. మీకు బస్టాండుల నచ్చుతున్నది ఆ వాసననే. ఇంట్ల పావు లీటరు పాలతోని దాన్ని తేవాలని చూస్తే పాలు సగం గిన్నెకే అంటుకుంటయ్, గ్యాస్ దండగ.

రెండోది చక్కెర. మా గిలాస నిండ పోస్తే 80 మి.లీ. కూడ పట్టేది కాదు, అందుల రెండు చెంచాలు వేసేటోణ్ని. పొలం నుంచో, బస్సు దిగో, కూలి అడ్డా నుంచో వచ్చినోడు నిలబడి మూడు నిమిషాలల్ల తాగి పోవాలె, పానం లేచి రావాలె. అందుకే అంత చిక్కదనం, అంత తీపి. అదే చాయ్ మీ మగ్గు నిండ పోసిస్తే సగం తాగేసరికి మొగం మొత్తుతది.

(ఇరానీ చాయ్ సంగతి వేరే. అక్కడ డికాషన్‌ను మూత బిగించి దమ్ పెడ్తరు, పాలు వేరేగ మరిగించి పైన కలుపుతరు. ఒక్క మనిషికి ఇంట్ల చేసే పని కాదది. తాగాలనిపించిననాడు హైదరాబాద్ పోయి తాగుడే మేలు.)

ఇప్పుడు నా పరువు నేనే తీసుకునే ముచ్చట. 2017ల హోటల్ బంద్ చేసిన. మోకాళ్లు మొరాయించినయ్, కిరాయి కూడ పెరిగింది. మర్నాడు పొద్దుగాల అలవాటు కొద్ది నాలుగింటికే మెలకువ వచ్చింది. ఏం చేయాలె? మా ఇంటామె లేచేసరికి చాయ్ పెట్టిన, నా ఉస్తాద్ పనంతా చూపించి. ఆమె రెండు గుటకలు తాగి గిలాస కింద పెట్టింది. "ఇది బస్సు దిగినోనికి పోసే చాయ్. నేను యాడికి పోతున్న?" అన్నది.

నాకు కోపం వచ్చింది. వేలమంది తాగిన చేతి చాయ్‌కి పేరు పెడుతున్నదని. తర్వాత ఆలోచిస్తే సమజైంది, 19 ఏండ్లల్ల ఇంట్ల నేను ఒక్కసారి కూడ పొయ్యి ముట్టియ్యలె. ఇంటి చాయ్ ఎట్ల పెడ్తరో నాకు తెల్వదు.

నేర్చుకున్నది కూడ ఆమె దగ్గరనే, అదీ విచిత్రంగ. ఆమెకు కంటి ఆపరేషన్ అయితే డాక్టరు కొన్ని దినాలు పొయ్యి దగ్గరికి పోవొద్దన్నడు. నల్ల అద్దాలు పెట్టుకొని ముంగటి అర్రల కుర్చీల కూర్చొని, లోపల నేను చాయ్ పెడుతుంటే చెవుల తోని చూసేది. నీళ్లు కాగేటప్పుడు ముందు సన్నగ సుయ్ అని మూలుగుతయ్. నేను పత్త డబ్బ మూత తీసిన సప్పుడు వినగానే "ఇంక లేదు, ఆగు" అనేది. ఆ మూలుగు ఆగి గలగల మొదలైనంకనే "ఊ, ఇప్పుడు". పాలు పోసినంక సప్పుడు ఒక్కసారి సద్దుమణుగుతది, మళ్లీ లేస్తది. "రెండోసారి పొంగుతున్నది. మంట తగ్గియ్యి, దించకు." ఒక్కసారి కూడ తప్పలె. నేను గిన్నె ముంగట నిలబడి కూడ చూడనిది ఆమె అర్రల కూర్చొని విన్నది.

అందుకే పొయ్యి దగ్గర నుంచి కదలొద్దని చెప్పేది. మీరు ఏం చేస్తున్నరో నేను చూడలేదు గని, చెప్పగలను: గిన్నె పెట్టి ల్యాప్‌టాప్ దగ్గరికి పోతరు, పొంగిన వాసనకు ఉరికి వస్తరు, పొయ్యి తుడిచి, మిగిలింది మగ్గుల పోసుకుంటరు. సగం చల్లారినంక యాదికొస్తది, మళ్లీ వేడి చేస్తరు. వడకట్టిన చాయ్‌ని మళ్లీ కాగబెట్టకండి. వాసన పోతది, చేదు మిగులుతది. దాని కంటే అరకప్పు పెట్టుకొని అప్పుడే తాగుడు మంచిది.

ఇక కొలత. ఇద్దరికి సరిపోయే లెక్క ఇది, మీ ఒక్కరికైతే సగం చేయండి.

నీళ్లు 200 మి.లీ., పాలు 150 మి.లీ. కొంత ఆవిరైపోయి చివరికి రెండు కప్పులు దిగుతది. చాయపత్త బజారుల దొరికే చిన్న చెంచాతోని ఒకటిన్నరకు కొంచెం తక్కువ, గోపురం లేకుండ సమంగ. అల్లం బొటనవేలు గోరంత. తురమకండి, చిన్న రోట్ల వేసి ఒక్క రెండు దెబ్బలు వేస్తే చాలు. చక్కెర మీ ఇష్టం.

ముందు నీళ్లు, అల్లం. గలగల మరిగినంక ఇంకో రెండు నిమిషాలు. అప్పుడు పత్త, మంట తగ్గించి రెండు నిమిషాలు. అప్పుడు కాగి ఉన్న పాలు. రెండు మూడు పొంగులు రానిచ్చి, మంట తగ్గించుకుంట, పెంచుకుంట, దించేముందు చక్కెర. ఇలాచి వేస్తే చివర్ల వేసి మూత పెట్టండి, ముందే వేస్తే దాని వాసన ఆవిరితోనే పోతది. రంగు పారిజాతం కాడ రంగుకు రావాలంటది మా ఇంటామె. హోటల్ల ఆ రంగు వస్తే నేను ఇంకో పిడికెడు పత్త వేసేటోణ్ని.

అల్లానికి పాలు ఎందుకు విరుగుతయ్ అంటే, పచ్చి అల్లంల జింజిబైన్ అని ఒక ఎంజైమ్ ఉంటది, అది పాలల్ల మాంసకృత్తులను కోస్తది. బాగ వేడి తగిలితే దాని పని ఖతం. మీరు పాలు, నీళ్లు, అల్లం అన్నీ చల్లగ ఒక్కసారే పోసి పెడుతున్నరు కావచ్చు. అట్ల పెడితే గోరువెచ్చగ ఉన్నంతసేపు ఆ ఎంజైమ్ హాయిగ పని చేసుకుంటది, మరిగేసరికి పాలు ముక్కలు. నీళ్లల్ల ముందు మరిగిస్తే ఆ బాధ లేదు. అట్ల చేసినా విరిగితే తప్పు అల్లానిది కాదు, పాలదే. పొద్దటి పాకిటు కోసి బయట పెట్టి, సాయంత్రం చాయ్ పెడితే ఎండాకాలంల విరగక ఏం చేస్తది? నల్లగొండల, పాలమూరుల మే నెల ఎండ ఎట్ల ఉంటదో మీకు చెప్పాలా. చింతపండు పులుసు చేసిన గిన్నె సరిగ కడగకున్నా ఇదే అయితది. చాయ్‌కి ఒక గిన్నె పక్కకు పెట్టుకోండి, అందుల ఇంకోటి వండకండి.

బెల్లం చాయ్ మోజు ఇప్పుడు బాగ ఉన్నది. బెల్లం పాలల్ల వేసి మరిగిస్తే విరిగే ప్రమాదం ఉన్నది. దించినంక, మరుగు ఆగినంక కలపండి. బెల్లమైతే షుగరు ఉన్నోళ్లకు ఏం కాదని కొందరంటరు, నమ్మకండి. అదీ చక్కెర లెక్కనే.

పాల సంగతి రెండు మాటలు. పాకిటు మీద చదువుకోండి: టోన్డ్ అంటే 3 శాతం వెన్న, స్టాండర్డైజ్డ్ 4.5, ఫుల్ క్రీమ్ 6. మీరు ఖరీదు పెట్టి ఫుల్ క్రీమ్ తెచ్చిన్రనుకుంటున్న. పొద్దుగాల ఒక్క కప్పుకు అది బాగుంటది, రోజుకు ఆరు మగ్గులకు గొంతుల జిడ్డు పట్టినట్టుంటది. నా లెక్కల ఇంటి చాయ్‌కి టోన్డ్ చాలు. ఊర్ల బర్రె పాలు దొరికితే నీళ్లు ఎక్కువ పోయండి, పాలు నీళ్లకు సమంగ పోయకండి. పాలు ఎక్కువైతే పత్త రుచి కప్పుకపోతది. పత్తల వగరును పాలల్ల ఉన్న కేసీన్ అనే మాంసకృత్తు పట్టేసుకుంటది, అందుకే పాలు పోయంగనే చాయ్ నాలుకకు మెత్తగ తగులుతది. మరీ మెత్తబడితే అది చాయ్ కాదు, రంగు పాలు.

చాయపత్త: ఖరీదు చూసి మోసపోకండి. మనం కొనే గింజల పత్త అంతా సీటీసీ పద్ధతిది. ఆకును మిషన్ల నలిపి, చింపి, చుట్టి గుండ్లు చేస్తరు. 1930లల్ల అస్సాంల మొదలైన పద్ధతి ఇది, పాలు పోసి మరిగించే మన చాయ్‌కి సరిగ్గ కుదిరింది. ఖరీదైన పొడుగాకు పత్త మీరు తెచ్చి ఉంటే అది పాలల్ల మరిగించేది కాదు, వేడి నీళ్లల్ల నానబెట్టి పాలు లేకుండ తాగేది. దాన్ని మరిగించి "రుచి లేదు" అంటే దాని తప్పు లేదు. ఇంటికి గింజ పత్త మూడు పాళ్లు, డస్టు ఒక పాలు కలిపి పెట్టుకోండి. గింజ వాసననిస్తది, డస్టు రంగునిస్తది. మూత గట్టిగ ఉండే స్టీలు డబ్బల పొయ్యికి దూరంగ పెట్టండి. చాయపత్తకు పక్కింటి వాసన కూడ పట్టుకునే గుణం ఉన్నది. ఒకసారి హోటల్ల డబ్బ తక్కువై, గరం మసాలా అయిపోయిన డబ్బల కిలో పత్త పోసిన. డబ్బ కడిగిననే అనుకున్న. ఆ పొద్దు నా దగ్గర తాగినోళ్లంత "ఏం సేఠ్, బిర్యానీ కూడ మొదలు పెట్టినవా?" అని అడిగిన్రు.

ఇప్పుడు నీళ్లు. ఇది మన దిక్కు మనుషులకు ఎంత చెప్పినా తక్కువే.

మా చిన్నప్పుడు మర్రిగూడ, నాంపల్లి, చండూరు దిక్కు ఊర్లల్ల బాయి నీళ్లు, తర్వాత బోరు నీళ్లే. ఆ నీళ్లల్ల ఫ్లోరైడ్. నడుము వంగిపోయినోళ్లను, కాళ్లు వంకరబోయిన పిల్లలను చూసుకుంటనే పెరిగినం. నీళ్లల్ల నుంచి ఫ్లోరైడ్ తీసేందుకు పటిక, సున్నం కలిపి తేర్చే పద్ధతిని నాగ్‌పూర్‌ల ఉన్న నీరి (NEERI) అనే పర్యావరణ పరిశోధన సంస్థ తయారు చేస్తే, దానికి పేరే "నల్గొండ టెక్నిక్" అని పడ్డది. మన జిల్లా పేరు ప్రపంచానికి అట్ల తెలిసింది. మిషన్ భగీరథ తోని కృష్ణ నీళ్లు వచ్చినంక ఆ బాధ బాగ తగ్గింది. కానీ నల్లా రాని రోజు బోరు నీళ్లే పడుతున్న ఇండ్లు ఇప్పటికీ ఉన్నయ్, కిరాయి ఇండ్లల్ల అయితే ట్యాంకుల ఏ నీళ్లు కలుస్తున్నయో ఓనరుకే తెల్వదు.

మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు. నీళ్లు ఆవిరై తగ్గుతయ్ గనక మిగిలిన నీళ్లల్ల దాని వంతు ఇంకొంచెం పెరుగుతది. పైగా చాయ్ చెట్టుకు మట్టిల ఉన్న ఫ్లోరైడ్‌ను ఆకుల్లకు గుంజుకునే గుణం ఉన్నది, ముదురాకుల ఎక్కువ. తాగే నీళ్లల్ల లీటరుకు 1 మిల్లీగ్రాము లోపల ఉండాలని, వేరే దారి లేకుంటే 1.5 దాక అని మన దేశ ప్రమాణం. ఫ్లోరైడ్ ఉన్న బోరు నీళ్లతోని రోజుకు ఆరు మగ్గుల చాయ్ అంటే రెండు దిక్కుల నుంచి ఎక్కించుకున్నట్టు. కాబట్టి మీ ట్యాంకుల నీళ్లు ఏవో కనుక్కోండి, అనుమానముంటే పరీక్ష చేయించండి.

రుచి సంగతికి వస్తే, మీ చాయ్ మీద నూనె లాంటి సన్న తెట్టె కట్టి, కప్పు లోపల గోధుమ రంగు గీత పడుతున్నదా? అది పత్త తప్పు కాదు, గట్టి నీళ్లు. నీళ్లల్ల ఉన్న సున్నం చాయ్ వగరుతోని కలిసి అట్ల పైకి తేలుతది. రంగు నల్లగ వస్తది, రుచి మొద్దుగ ఉంటది. హోటల్ల నా మొదటి ఏడాది బోరు నీళ్లతోని ఇదే అయింది, పత్త పెంచుకుంట పోయిన, లాభం లేదు. ఒకసారి బోరు మోటరు కాలిపోయి రెండు దినాలు నల్లా నీళ్ల డ్రమ్ములు తెప్పిస్తే, అదే పత్తకు చాయ్ ఎర్రగ మెరిసింది. అటెంక పత్త తగ్గించిన, నీళ్లకు పైసలు పెట్టిన. ఆర్‌ఓ నీళ్లు వాడితే పత్త ఒక్క చిటికెడు తగ్గించండి. ఆ నీళ్లల్ల పత్త తొందరగ, గట్టిగ దిగుతది, వగరు ఎక్కువైతది.

ఎన్నిసార్లు తాగాలె అన్నదానికి నా మాట కంటే లెక్క నయం. తార్నాకల ఉన్న జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు 2024ల ఇచ్చిన ఆహార మార్గదర్శకాలల్ల 150 మి.లీ. చాయ్‌ల 30 నుంచి 65 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటదని, రోజు మొత్తానికి 300 మిల్లీగ్రాములు దాటొద్దని చెప్పిన్రు. మీ మగ్గు 250 మి.లీ. పట్టేదైతే ఒక్కదాంట్ల 50 నుంచి 108. ఆరు మగ్గులంటే తక్కువల తక్కువ 300, చిక్కగ పెడితే దానికి రెండింతలు. ఏ మగ్గుకు తృప్తి ఉంటది? పొద్దటిది దిగకముందే ఇంకోటి పడుతుంటే నాలుకకు గుర్తుండదు, ఒంటికి గుర్తుంటది. తాగినంక ఐదారు గంటలకు కూడ కెఫీన్ సగం దాక ఒంట్లనే ఉంటది. సాయంత్రం ఐదు తర్వాత పెట్టకండి, నిద్ర పట్టిందో లేదో మీరే చూస్తరు.

అదే మార్గదర్శకాలల్ల ఇంకో ముక్క: అన్నానికి గంట ముందు, గంట తర్వాత చాయ్ వద్దు. చాయ్‌ల వగరునిచ్చే టానిన్లు తిండిల ఇనుమును ఒంటికి పట్టనియ్యవు. మా చెల్లె బిడ్డకు రక్తం తక్కువున్నదని గోళీలు ఇచ్చిన్రు. పాపం నెలల తరబడి మింగింది, పెరగలె. అడుగంగ అడుగంగ తెలిసిందేంది, గోళీ వేసుకునేది చాయ్ తోనే! "నీళ్లతోని చేదుగ ఉంటది మామా" అన్నది. డాక్టరు చాయ్‌ను గోళీకి, అన్నానికి దూరం చేయమన్నడు. మూడు నెలలకు పెరిగింది. గోళీల పనా, చాయ్ మానిన పనా అంటే రెండూ అంటా నేను.

పరగడుపున తాగితే కడుపుల మంట వచ్చేటోళ్లు ఉంటరు, వాళ్లు ఏదన్న కొరుక్కొని తాగాలె. బిస్కెట్లు, రస్కులు నేను అమ్మినోణ్నే, వాటి మీద చెడు చెప్పను. కానీ నన్నడిగితే చాయ్‌కి జోడి రాత్రి మిగిలిన జొన్నరొట్టె. పాలమూరు దిక్కు మీరుండేది, జొన్నరొట్టెకు కరువు లేదు. అంచులు ఎండి గట్టిబడ్డ రొట్టెను తుంచి చాయ్‌ల ముంచితే అంచు కరకర, నడుమ మెత్తగ. మా అమ్మ పొలం పోయేముందు ఇదే తినేది. బొరుగులు వేసుకొని చెంచాతోని తినేటోళ్లు కూడ ఉన్నరు, అదీ బాగుంటది. గ్రీన్ టీ సంచుల గురించి నన్ను అడగకండి.

రెండు సార్లు ఎప్పుడు అంటారా? మా ఇంట్ల ఆరింటికి ఒకటి, సాయంత్రం నాలుగున్నరకు ఒకటి. పొద్దటి చాయ్‌కి మాట ఉండదు. ఇద్దరం గడప దగ్గర కూర్చుంటం, ఎవరి గిలాస వాళ్లది. నాది హోటల్ నుంచి తెచ్చుకున్న గీతల గాజు గిలాస, ఆమెది పింగాణీ కప్పు, సాసరు. సాసర్ల పోసుకొని ఊదుకుంట తాగుతది, సప్పుడు చేసుకుంట. పట్నం నుంచి వచ్చిన మా మనుమరాలు "నానమ్మా, సప్పుడు చేయొద్దు" అంటే, "సప్పుడు చేయకుంటే వేడి ఎట్ల పోతది?" అని అడిగింది. మాట సరైనదే. గాలితోని కలిపి జుర్రుతే వేడి తగ్గుతది, వాసన కూడ ముక్కుకు బాగ అందుతది. సాయంత్రం చాయ్ ముచ్చట్ల చాయ్. ఎవరో ఒకరు వస్తరు, ఇంకో గ్లాసు నీళ్లు పోస్తం.

మీరు ఒక్కరే ఉంటరు కాబట్టి ముచ్చట్లకు మనిషి లేకపోవచ్చు. అయినా పని చేసే బల్ల దగ్గర తాగకండి. కిటికీ కాడనో, బాల్కనీలనో ఒక పీట వేసుకోండి, అది చాయ్‌కే. మగ్గు పక్కన పెట్టి 150 మి.లీ. కప్పు ఒకటి కొనుక్కోండి. కప్పు ఖాళీ అయ్యేదాక ఫోన్ లోపలనే ఉండాలె. మొదటి నాలుగు దినాలు చేతులకు పని లేనట్టు ఇబ్బందిగ ఉంటది, నాకూ అయింది. హోటల్ మూసినంక ఏడెనిమిది దినాలు చాయ్ తాగుకుంట కూడ ఎవరన్న వచ్చి నిలబడ్డరేమోనని రోడ్డు దిక్కే చూసేటోణ్ని. ఆరు నుంచి ఒక్కసారే రెండుకు దిగితే తలనొప్పి వస్తది, వారానికి ఒకటి చొప్పున తగ్గించుకోండి.

షుగరు, బీపీ, కడుపుల పుండు ఉన్నోళ్లు, కడుపుతో ఉన్నోళ్లు డాక్టరును అడిగే తాగాలె. మా దిక్కు ఇండ్లల్ల రెండేండ్ల పిల్లకు కూడ సాసర్ల చల్లార్చి పోస్తరు, ఆ అలవాటు మంచిది కాదు.

చివరికి మీ అమ్మ "అందాజ". అది అందాజ కాదమ్మా, ఆమె చేతికి తెలిసిన లెక్క. ఈసారి నల్లగొండ పోయినప్పుడు ఎంత వేస్తున్నవని అడగకండి, ఆమెకు చెప్ప రాదు. ఆమె చాయ్ పెడుతుంటే పక్కన నిలబడి ఏ గిన్నె, ఏ గ్లాసుతోని నీళ్లు, ఏ చెంచాతోని పత్త అన్నది చూడండి. ఆ గ్లాసుల ఎన్ని నీళ్లు పడతయో కొలుచుకోండి. మా ఇంట్ల పత్త డబ్బల ఉన్న చెంచా మా అత్తది, దాని మూతి ఒక దిక్కు అరిగిపోయింది. మా ఇంటామె నాకు నేర్పినప్పుడు "రెండు చెంచాలు" అనే చెప్పింది. హైదరాబాద్‌ల బిడ్డ ఇంట్ల నేను అట్లనే రెండు చెంచాలు వేసి పెడితే వగరు భరించలేకపోయినం. ఇంటికొచ్చి కొలిస్తే, ఆ అరిగిన చెంచాతోని రెండంటే బజారు చెంచాతోని ఒకటిన్నర కూడ లేదు.